ఉల్లిపాయను తొందరపెట్టకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ఒకటే మాట రాశారు: "టైమ్ ఉండదండీ." నిజమే. నేనూ ఉద్యోగం చేసినన్నాళ్ళూ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్ళేదాన్ని. అందుకే ఈ నెల జవాబులన్నీ ఆ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని రాశాను. వంటలో టైమ్ మిగుల్చుకోగల చోట్లు చాలా ఉన్నాయి. మిగుల్చుకోకూడని చోట్లు కొన్నే ఉన్నాయి, కానీ రుచంతా అక్కడే ఉంటుంది.

ప్ర: మేడమ్, మా ఇంట్లో అందరికీ సూప్ ఇష్టం. రకరకాల కూరగాయలు వేస్తాను, ఉప్పు, మిరియాల పొడి సరిచూస్తాను. ఉల్లిపాయలు పది నిమిషాలు వేయిస్తాను. అయినా వేణ్ణీళ్ళలో ముక్కలు తేలుతున్నట్టే ఉంటుంది. ఇంకా ఏం వెయ్యాలి?
– ముగ్గురు పిల్లల తల్లి

జ: ఇంకేమీ వెయ్యకండి. ఆ పది నిమిషాలను నలభై చెయ్యండి.

ఉల్లిపాయలో దాదాపు తొంభై శాతం నీరే. ఆ నీరు గిన్నెలో ఉన్నంతసేపూ వేడి వంద డిగ్రీలు దాటి పైకి పోదు. ఉల్లిపాయ ఉడుకుతుంది కానీ వేగదు. నీరు ఇగిరిపోయాక వేడి పెరిగి, అందులోని చక్కెరలు, మాంసకృత్తులు కలిసి రంగు మారడం మొదలవుతుంది. రొట్టె పైపొరకీ, కాల్చిన మాంసానికీ ఆ రంగూ ఆ కమ్మదనమూ ఇచ్చేది ఇదే మార్పు. 1912లో దీని గురించి మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మైయార్ పేరుతోనే దీన్ని పిలుస్తారు. మీ పది నిమిషాలు నీరు పోవడానికే సరిపోతున్నాయి. సూప్‌కి రుచి ఇచ్చే పని మొదలయ్యేసరికి మీరు నీళ్ళు పోసేస్తున్నారు.

మా అమ్మ నర్సు. నైట్ డ్యూటీ ఉన్న రోజు సాయంత్రమే సూప్ కాచి వెళ్ళేది. నన్ను స్టూలు మీద నిలబెట్టి గరిటె చేతికిచ్చి, తను వంటింటి గుమ్మం అవతల యూనిఫాం ఇస్త్రీ చేసుకునేది. గిన్నె వైపు చూసేదే కాదు. చప్పుడు విని, వాసన పట్టి అక్కణ్ణించే చెప్పేది: "ఇప్పుడు మంట తగ్గించు." "ఇప్పుడు రెండు చెంచాల నీళ్ళు చల్లు, అడుగు గీకు." మొదట్లో ఉల్లిపాయలు గట్టిగా చిటపటమంటాయి. అది నీటి చప్పుడు. పావుగంటకి ముక్కలు అద్దంలా తేలిపోయి చప్పుడు సద్దుమణుగుతుంది. అరగంట దగ్గర పడేసరికి గిన్నె అడుగున సన్నని గోధుమరంగు పొర అంటుకుంటుంది. చాలామంది అది చూసి మాడిపోతోందని టెన్షన్ పడి పొయ్యి కట్టేస్తారు. కట్టెయ్యకండి. రెండు చెంచాల నీళ్ళు చల్లి చెక్క గరిటెతో గీకితే ఆ పొర కరిగి ఉల్లిపాయలకి పడుతుంది. మళ్ళీ పొర కడుతుంది, మళ్ళీ చల్లండి. ఇలా మూడు నాలుగు సార్లయ్యాక నాలుగు పెద్ద ఉల్లిపాయలూ ఒక చిన్న గిన్నెడు ముద్దయి, ముదురు తేనె రంగులోకి వస్తాయి. పొర నల్లగా మారి ముక్కుకి ఘాటుగా తగిలితే మాత్రం అది మాడడమే. అక్కడ దాకా పోనివ్వకండి.

మొదట్లోనే చిటికెడు ఉప్పు వేస్తే నీరు త్వరగా ఊరుతుంది. త్వరగా అవుతుందని కొందరు వంటసోడా వేస్తారు. రంగు తొందరగా వచ్చేమాట నిజమే కానీ ముక్క చితికి ముద్దయిపోతుంది, ఎక్కువైతే సబ్బు రుచి తగులుతుంది. నేను వెయ్యను.

నలభై నిమిషాలు రోజూ ఎక్కణ్ణించి తేవాలి అంటారా? తేనక్కర్లేదు. సెలవు రోజు అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో కిలోన్నర ఉల్లిపాయలు ఒకేసారి వేయించండి. ఎక్కువ ముక్కలకి ఎక్కువ టైమే పడుతుంది, గంట దాటినా కంగారు పడకండి. చల్లారాక ఐస్ ట్రేలో గడ్డ కట్టించి డబ్బాలోకి మార్చుకోండి. ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది. మామూలు రోజు సాయంత్రం నాలుగు ముక్కలు గిన్నెలో వేసి, ఒక చెంచా టమాటా పేస్టు వేసి అది ఇటుక రంగుకి వచ్చేదాకా వేయించి, కూరగాయలూ నీళ్ళూ పోస్తే అరగంటలో సూప్ తయారు. చిక్కదనం కోసం ఒక బంగాళాదుంప వేసి, ఉడికాక సగం మెదపండి. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఉప్పు తక్కువైందనిపించే సూప్‌కి చాలాసార్లు కావలసింది ఆ పులుపే.

ప్ర: అక్కా, మా మామగారు ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైంది. గట్టిగా ఉన్నవేవీ తినలేకపోతున్నారు. కోడిగుడ్డు కస్టర్డ్ అంటే ఆయనకి ప్రాణం. గుడ్డు విరిగిపోతుందన్న భయంతో, కాస్త చిక్కబడగానే దించేస్తున్నాను. రాత్రి బాగానే ఉంటుంది, పొద్దున ఫ్రిజ్ తీసి చూస్తే నీళ్ళలా జారిపోతోంది. పాలదా తప్పు? కార్న్‌ఫ్లోర్ కూడా వేస్తున్నాను.
– ఒక కోడలు

జ: పాలదీ కాదు, మీదీ కాదమ్మా. గుడ్డు పచ్చసొనలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. కస్టర్డ్ చిక్కబడగానే దించేస్తే అది చావదు. రాత్రంతా ఫ్రిజ్‌లో కూర్చుని మీరు వేసిన కార్న్‌ఫ్లోర్‌ని నెమ్మదిగా నీరు చేసేస్తుంది. దీనికి ఒకటే మందు. కస్టర్డ్ మధ్యలో బుడగలు పైకి వచ్చి 'బుస్, బుస్'మని పగలాలి. అలా పగలడం మొదలయ్యాక, గరిటె ఆపకుండా తిప్పుతూ ఇంకో నిమిషం సెగ మీద ఉంచాలి.

విరిగిపోదా అంటే, కార్న్‌ఫ్లోర్ ఉంటే విరగదు. కార్న్‌ఫ్లోర్ వెయ్యకుండా ఉత్త గుడ్డుతో చేసే కస్టర్డే ఎనభై రెండు, ఎనభై మూడు డిగ్రీలు దాటితే ముక్కలవుతుంది. మీరు విన్న జాగ్రత్త దానికి సంబంధించింది, మీ వంటకి కాదు.

కొలత చెబుతాను. అర లీటరు పాలు, మూడు పచ్చసొనలు, రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, మూడు నాలుగు పెద్ద చెంచాల చక్కెర. సొనలు, చక్కెర, కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా గిలకొట్టండి. పాలు పొంగు దగ్గరికి వచ్చాక ఒక గరిటెడు తీసుకుని, ఆ సొనల్లో సన్నని ధారగా పోస్తూ ఇంకో చేత్తో కలపండి. రెండో గరిటె కూడా అలాగే. సొనలు వేడికి అలవాటు పడ్డాక మొత్తం పాలగిన్నెలోకి వంచి, నడిమి మంట మీద తిప్పండి. గరిటె గిన్నె మూలల్లోకి పోవాలి, అడుగంటేది అక్కడే. దించాక జల్లెడలో వడకట్టండి. ముసలివాళ్ళ నాలుకకి ఒక్క పలుకు తగిలినా వద్దనేస్తారు. పైన మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కాగితం కస్టర్డ్‌కి ఆనేలా కప్పి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజుల్లో వాడేయండి.

ఇంకో మాట. ఆయనకి నమలడమే కష్టమా, మింగేటప్పుడు దగ్గు కూడా వస్తోందా గమనించండి. దగ్గు వస్తుంటే ఎంత చిక్కగా ఉన్నవి పెట్టాలో డాక్టరే చెప్పాలి, మన అంచనాలు అక్కడ పనికిరావు. చక్కెర విషయమూ అడిగేయండి. మా నాన్న చివరి నెలల్లో నేను కస్టర్డ్ చిన్న కాఫీ కప్పుల్లో పోసి పెట్టేదాన్ని. పెద్ద గిన్నె చూస్తే "ఇంత తినలేను" అని మొహం తిప్పుకునేవారు. చిన్న కప్పు ఖాళీ చేసి, దాన్ని బోర్లించి చూపించేవారు.

ప్ర: బంగాళాదుంప ముద్ద మెత్తగా, గుల్లగా రావాలని మిక్సీలో వేశాను. బంకలా సాగింది. ఎవరూ తినలేదు.

జ: మిక్సీ బ్లేడు దుంపలోని కణాలన్నిటినీ చీల్చేసి, లోపలి గంజిని బయటికి లాగేస్తుంది. ఆ గంజే బంక. పప్పుగుత్తితో మెదపండి, లేదా జల్లెడ మీద నొక్కండి. ముక్కలను చన్నీళ్ళలో ఉప్పు వేసి పొయ్యి ఎక్కించండి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చితికి లోపల గట్టిగా ఉంటాయి. నీళ్ళు వంచేశాక ఖాళీ గిన్నెలోనే ఒక నిమిషం సన్న సెగ మీద ఉంచి తడి ఆరనివ్వండి. ముందు వెన్న, తర్వాత వేడి పాలు. ఇప్పటికే బంకైపోయినదాన్ని బాగుచెయ్యలేం కానీ పారెయ్యనక్కర్లేదు. ట్రేలో పరిచి, పైన చీజ్ తురిమి, అంచులు ఎర్రబడేదాకా ఓవెన్‌లో పెట్టండి. తింటారు.

ప్ర: నమస్తే మేడమ్. నాకు పన్నెండేళ్ళ పాప. ఇంట్లో మేమిద్దరమే. స్కూల్ మారినప్పటి నుంచి అన్నం దగ్గర మాట్లాడటం మానేసింది, ప్లేటు తీసుకుని గదిలోకి వెళ్ళిపోతోంది. తనకి అరటిపండు కేక్ ఇష్టమని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ రబ్బరులా వచ్చింది. గిన్నెలో పిండి నున్నగా వచ్చేదాకా బాగా గిలకొట్టాను కూడా.
– ఒక తండ్రి

జ: బాగా గిలకొట్టడమే ఇక్కడ అడ్డం వచ్చిందండీ. మైదాకి తడి తగిలి కలుపుతున్నకొద్దీ గ్లూటెన్ అనే సాగే జిగురు తయారవుతుంది. రొట్టెకి అది కావాలి, కేక్‌కి అక్కర్లేదు. పిండి వేశాక పది పన్నెండుసార్లు అడుగు నుంచి పైకి మడిచినట్టు కలిపి ఆపేయండి. అక్కడక్కడా పొడి చారలు కనిపిస్తున్నా వదిలేయండి, ఓవెన్‌లో అవే కలిసిపోతాయి.

మూడు పండ్లు తీసుకోండి. తొక్క మీద నల్లమచ్చలు నిండి, చేత్తో పట్టుకుంటే మెత్తగా కుంగేవి కావాలి. పండు ముగ్గేకొద్దీ దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. పసుపుపచ్చగా నిగనిగలాడే పండుతో ఆ వాసన రాదు. పండ్లు ఫోర్క్‌తో మెదిపి, 75 గ్రాముల కరిగిన వెన్న, 120 గ్రాముల చక్కెర, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు కలపండి. ఒక చిన్న చెంచా వంటసోడా చల్లండి. చివర్లో 190 గ్రాముల మైదా. వెన్న రాసిన బ్రెడ్ టిన్నులో పోసి, 175 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు. యాభై నిమిషాలప్పుడు ఒక పుల్ల గుచ్చి చూడండి, పచ్చిపిండి అంటకుండా వస్తే అయినట్టే. పండులోని పులుపు తగిలితే సోడా వెంటనే బుడగలు వదలడం మొదలుపెడుతుంది, అందుకని పిండి కలిపాక ఆలస్యం చెయ్యకుండా ఓవెన్‌లో పెట్టండి.

ఇక పాప సంగతి. ఈసారి కేక్ మీరు చేసి పెట్టకండి. పండ్లు మెదిపే పని తనకివ్వండి. "రా, మాట్లాడుకుందాం" అని పిలిస్తే ఆ వయసు పిల్లలు ముడుచుకుపోతారు. "ఈ గిన్నె కాస్త పట్టుకో" అంటే వస్తారు. మా అమ్మాయీ అంతే, ఎదురుగా కూర్చోబెట్టి అడిగినప్పుడు ఒక్క ముక్క చెప్పేది కాదు. పక్కపక్కన నిలబడి, ఇద్దరం గిన్నెలోకే చూస్తున్నప్పుడు చెప్పింది, క్లాసులో తన పక్కన ఎవరూ కూర్చోవడం లేదని. మీరేమీ అడగకండి. ఓవెన్‌లో కేక్ ఉన్న ఆ గంటలో మీరిద్దరూ వంటింట్లోనే ఉండండి, గిన్నెలు కడుక్కుంటూ. అలా కొన్ని వారాలు గడిచినా పాప ఇలాగే ఉంటే, లేదా తిండి, నిద్ర తగ్గిపోతుంటే, స్కూల్ టీచర్‌తోనూ డాక్టరుతోనూ మాట్లాడటం ఆలస్యం చెయ్యకండి.

ప్ర: మీరు ఒకోసారి కప్పు అంటారు, ఒకోసారి గ్రాములు అంటారు. కప్పంటే ఎంత?

జ: 240 మిల్లీలీటర్లు. చెంచాతో తేలిగ్గా నింపి పైన సమం చేస్తే ఒక కప్పు మైదా 120 గ్రాములు, చక్కెర 200 గ్రాములు. కప్పుని డబ్బాలో ముంచి అదిమి తీస్తే మైదా 150 దాకా వస్తుంది, కేక్ ఎండిపోయేది అందుకే. చిన్న చెంచా 5, పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు. ఓవెన్‌లో వండే పనులకి చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి. ఇకనుంచి నేనూ గ్రాముల్లోనే రాస్తాను.

ప్ర: స్లో కుక్కర్ కొన్నాం. రాజ్మా గింజలు, టమాటాలు, నీళ్ళు అన్నీ పొద్దున్నే వేసేసి ఆఫీసుకి వెళ్ళొచ్చా?

జ: వద్దు. దయచేసి వద్దు. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా మూడు గంటల్లోపే వాంతులు పట్టుకోవచ్చు. స్లో కుక్కర్ వేడి దాన్ని చంపేంత పైకి పోకపోవచ్చు. రాత్రి నానబెట్టండి, ఆ నీళ్ళు పారబోయండి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించండి. ఇంకాసేపు మరిగిస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వెయ్యండి. టమాటా మాత్రం గింజ మెత్తబడ్డాకే, పులుపు తగిలితే తోలు గట్టిపడి ఎంతసేపైనా ఉడకదు. ఇది టైమ్ మిగుల్చుకునే చోటు కాదు.

ప్ర: బాబుకి తొమ్మిదో నెల. మేం తినేదే వాడికీ పెట్టొచ్చా?

జ: పెట్టొచ్చు, ఉప్పూ చక్కెరా వెయ్యకముందే వాడి వాటా పక్కకి తీసేస్తే. మెత్తగా మెదపండి. ద్రాక్ష, గింజలు, గట్టి ముక్కలు గొంతులో అడ్డుపడతాయి, అలాగే ఇవ్వకండి. తేనె ఏడాది నిండేదాకా ఒక్క చుక్క కూడా వద్దు, కేక్‌లో వేసి వండినది కూడా. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండొచ్చు, అవి వండినా చావవు, పెద్దవాళ్ళకి ఏమీ కాకపోయినా పసిబిడ్డ పేగులో పెరుగుతాయి.

ప్ర: ఆయన పోయి ఏడు నెలలైంది. నలభై ఏళ్ళు ఇద్దరికి వండిన చెయ్యి, ఒక్కరికి కొలత కుదరడం లేదు. వండినది రెండు ముద్దలు తిని మిగతాది పారేస్తున్నాను. చాలాసార్లు టీ, బ్రెడ్డుతోనే సరిపెట్టుకుంటున్నాను. సెలవు రోజు బ్రెడ్ పుడ్డింగ్ చేసేదాన్ని, ఆయనకి ఇష్టం. ఇప్పుడు దానికి చెయ్యి పోవడం లేదు. పిల్లలు ఫోన్ చేసి తిన్నావా అంటే తిన్నానని చెబుతున్నాను.
– పేరు రాయాలనిపించలేదు

జ: అమ్మా, మీ ఉత్తరం మూడు రోజులు నా టేబుల్ మీదే ఉంది.

కొలత మార్చుకోవాలని మీ చేతితో పోట్లాడకండి. ఇద్దరికి సరిపడానే వండండి. సగం తినండి, మిగతా సగాన్ని ఒక గంటలోపు చల్లార్చి చిన్న డబ్బాలో వేసి, మూత మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. సూప్, ఉడికిన గింజల కూరలు, మాంసం పులుసు, ఇవన్నీ ఫ్రీజర్‌లో బాగా నిలుస్తాయి. బంగాళాదుంప ముక్కలున్నవి మాత్రం కరిగాక ఇసుకలా తగులుతాయి, వాటిని పెట్టకండి. అన్నం ఎక్కువసేపు బయట ఉంచకండి, పొయ్యి దింపాక వెచ్చగా మిగిలిన అన్నంలో పెరిగే క్రిమి వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అలా ఒక వారం గడిచేసరికి మీ ఫ్రీజర్‌లో ఐదారు పూటల భోజనం ఉంటుంది. వండాలనిపించని రోజున అది మీరే మీకోసం వండి ఉంచుకున్న అన్నం.

టీ, బ్రెడ్డు తప్ప ఏదీ వద్దనిపించిన పూట ఆ బ్రెడ్డు మీదే ఒక గుడ్డు వెయ్యండి. అంతే చాలు. ఈ ఏడు నెలల్లో బట్టలు వదులయ్యాయా చూసుకోండి, అయితే డాక్టరుకి చూపించుకోండి. పిల్లలు అడిగినప్పుడు ఒక్కసారి నిజం చెప్పండి. వాళ్ళు భయపడతారని మీరు దాస్తున్నారు. ఆ 'తిన్నాను'లో ఏముందో వాళ్ళకీ వినబడుతూనే ఉంటుంది.

పుడ్డింగ్ ఇప్పుడు చెయ్యనక్కర్లేదు. ఎప్పుడో ఒక సెలవు రోజు చెయ్యాలనిపిస్తుందేమో, ఒక్క కప్పు కొలత ఇక్కడ రాసి ఉంచుతున్నాను. నిన్నటి బ్రెడ్డు ఒకటిన్నర ముక్క, తాజాది అయితే పాలు సరిగా పీల్చదు. 120 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, ఒక పెద్ద చెంచా చక్కెర కలిపి, బ్రెడ్డు తుంచి అందులో వేసి ఇరవై నిమిషాలు నాననివ్వండి. వెన్న రాసిన కప్పులో పోసి 170 డిగ్రీల ఓవెన్‌లో అరగంట. ఓవెన్‌లో పైకి పొంగి, బయటికి తియ్యగానే నెమ్మదిగా కుంగుతుంది. అది పాడవడం కాదు, మీకు తెలిసిందే.